విస్తరి పక్కన గునుగు పూలు

చిరంజీవి బిడ్డకు,

పెద్దమ్మ ఆశీస్సులు. కార్తీక మాసం మొదటి ఆదివారం మీ ఇంట్లో వ్రతం, భోజనాలు అని మీ అమ్మ చెప్పింది. బల్లల మీద పూలకు డెకరేషన్ వాళ్లు చెప్పిన రేటు విని నువ్వు టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. జర్బెరాలు, కార్నేషన్లు కొనకుండా మన గట్ల మీద పూసే పూలతో పని అవుతుందా అని అడిగావట. అవుతుంది బిడ్డా. కొన్న పూలకంటే బాగుంటుంది కూడా. ఆ రోజులకు చేలల్లో గునుగు ఇంకా ఉంటుంది కాబట్టి నేనైతే బల్లలన్నీ దానికే అప్పజెప్తాను.

గునుగును మనం బతుకమ్మ నాడు కట్టలు కట్టలుగా చూస్తాం కాబట్టి ఒక్క కంకి అందం మనకు ఆనదు. ఒకటి చేతిలోకి తీసుకొని చూడు. కింది పూలు ముందు విచ్చుకొని వెండి తెలుపుకు తిరుగుతాయి, కొసన ఉన్న మొగ్గలు మాత్రం లేత గులాబీ రంగులోనే ఉంటాయి. రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి. అందుకే ఎండకు ఓర్చుకుంటుంది, ఎండిపోయినా రూపు చెడదు. లేతగా ఉన్నప్పుడు మనవాళ్లు దాని ఆకు కూర వండుకుంటారు, కాబట్టి భోజనాల దగ్గర పెట్టడానికి భయం లేదు. వాసన కూడా లేదు. అదీ మంచిదే. మల్లెలు, సంపెంగలు విస్తరి పక్కన పెడితే పప్పు వాసన, నెయ్యి వాసన తెలియకుండా పోతాయి.

ఒక్క జాగ్రత్త. ముదిరిన కంకిని అరచేతిలో దులిపితే నల్లగా నిగనిగలాడే సన్నటి గింజలు జలజలా రాలతాయి. అవి పెరుగన్నంలో పడితే తినేవాళ్లు పురుగనుకుంటారు. కొసన గులాబీ రంగు మిగిలి ఉన్న కంకులే కొయ్యి. ఇంటికి తెచ్చాక కూడా ఒక్కొక్కదాన్నీ పాత చీర మీద గట్టిగా దులుపు.

తంగేడు పెట్టాలని నీకు మనసు ఉంటుందని తెలుసు. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం, గౌరమ్మకు ఇష్టమైన పువ్వు, ఆ పసుపు రంగు ముందు ఇంకేదీ నిలవదు. కానీ కోసిన తంగేడు ఉక్కపోతలో మధ్యాహ్నానికే వడలిపోతుంది, రేకులు రాలుతాయి. దాన్ని బల్లలకు వాడకు. గుమ్మం దగ్గర పెద్ద బిందెలో నాలుగు కొమ్మలు పెట్టు, అదీ చుట్టాలు వచ్చే ముందు. గునుగు బతుకమ్మ పువ్వు, భోజనం బల్ల మీద పెట్టడమేమిటని మీ అత్తగారు అనుకోవచ్చు. ముందే ఒక మాట అడుగు. ఆమె వద్దంటే గడ్డి చామంతులతో చేద్దాం. సన్నటి పొడుగు కాడ, చిన్న తెల్ల రేకులు, నడుమ పసుపు. చిన్న సీసాలో ఐదారు పెడితే ముచ్చటగా ఉంటుంది. వాటిని మాత్రం ఆ రోజు పొద్దున్నే కోయాలి.

రెల్లు పూలు కూడా ఆ రోజుల్లో చెరువు గట్ల మీద తెల్లగా ఊగుతూ ఉంటాయి. ఫొటోలకు బాగుంటాయని పిల్లలు తెస్తామంటారు. భోజనాల దగ్గర స్టాండు ఫ్యాన్లు వేస్తారు కదా, ఆ గాలికి దూది లేచి సాంబారులో పడుతుంది. రెల్లు వద్దు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. ఊరి బయట పూసే పూలన్నీ చేత్తో ముట్టదగినవి కావు. ఖాళీ ప్లాట్ల నిండా తెల్లటి చిన్న చిన్న పూలతో మోకాలెత్తు మొక్క ఉంటుంది చూడు, వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటారు. బొకేల్లో పెట్టే సన్న తెల్ల పూలకు బదులుగా పనికొస్తుందని చాలామంది తెచ్చేస్తారు. దాని వల్ల చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి, పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, ఆయాసం పట్టుకుంటాయి. అది ఇంట్లోకే రాకూడదు. గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ విషమే. ఉమ్మెత్త విషం. వానకాలంలో కంచెల మీద ఎరుపు, పసుపు కలిసి మంటల్లా కనిపించే అడవినాభి మరీ అందంగా ఉంటుంది, దాని దుంప మరీ ప్రమాదం. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్నే దెబ్బతింటుంది. గురివింద గింజలు అలంకారానికని చల్లుతారు కొందరు. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు బిడ్డా, వద్దే వద్దు. పేరు తెలియని పువ్వు ఎంత బాగున్నా అన్నం పక్కకు రానివ్వకు.

ఎక్కడ కోయాలో కూడా చెప్తాను. పత్తి చేలల్లో, వాటి గట్ల మీద వద్దు, అక్కడ మందులు కొట్టి ఉంటారు. కోత అయిపోయిన మక్క చేను, జొన్న చేను, బీడు భూమి మంచివి. రైతును అడిగి దిగండి. గునుగు ఆయనకు కలుపే కాబట్టి కాదనడు, కానీ అడగడం మన మర్యాద. హైదరాబాదులోని కేబీఆర్ లాంటి జాతీయ పార్కులో పువ్వు తెంపడం చట్టప్రకారం నేరం, ఆ ఆలోచనే పెట్టుకోకు. కాళ్లకు బూట్లు వేసుకోండి. పల్లేరు కాయలు చెప్పుల్లోంచి కూడా గుచ్చుకుంటాయి, గడ్డిలో పాములూ ఉంటాయి. ఒక చోట ఉన్నవన్నీ ఊడ్చుకు రాకుండా సగానికి పైగా వదిలెయ్యండి, గింజ రాలితేనే వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది.

కోయడం శనివారం పొద్దున, ఎండ ఎక్కకముందే. చేత్తో పీకితే వేరుతో సహా వస్తుంది, కత్తెర తీసుకెళ్లు. కారులో సగం బకెట్టు నీళ్లు పెట్టుకొని, కోసింది కోసినట్టు అందులో నిలబెట్టు. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే దారిలోనే ఉడికిపోతాయి. ఇంటికి రాగానే కాడలను నీళ్లలో ముంచి పట్టుకొని, ఏటవాలుగా మళ్లీ కొద్దిగా కత్తిరించు. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసెయ్యి. ఆకు కుళ్లితే నీళ్లు వాసనొస్తాయి, పువ్వు కూడా తొందరగా పోతుంది. గునుగు పువ్వు నిలిచినా ఆకు వాడుతుంది కాబట్టి నేనైతే పై ఆకులు కూడా రెండు మూడు ఉంచి మిగతావి తీసేస్తాను. రాత్రంతా బాత్రూంలో చీకట్లో ఉంచితే కాడలు నీళ్లు బాగా పీల్చుకుంటాయి.

పెట్టడానికి మన ఇత్తడి చెంబులకు మించినవి లేవు. మెడ సన్నగా ఉంటుంది, కాడలు ఎటూ జారవు. అడుగున గుప్పెడు ఇసుక పోసి తర్వాత నీళ్లు పోస్తే పిల్లల చెయ్యి తగిలినా పడిపోవు. చింతపండుతో తోమి పెట్టినవి నా దగ్గర ఉన్నాయి. చాలకపోతే స్టీలు గ్లాసులే పెట్టు, మూతి వెడల్పు కాబట్టి కాడలను నూలుదారంతో వదులుగా కట్టి నిలబెట్టు. పూలు గుచ్చడానికి బజారులో అమ్మే పచ్చ స్పాంజి కొనకు, అది మట్టిలో కలవదు, దీనికి దాని అవసరమూ లేదు.

ఇక నీ చేతికి ఒక అలవాటు మాన్పించాలి. చిన్నప్పటి నుంచి బతుకమ్మ పేర్చిన చెయ్యి నీది. కాడలు సమానంగా కోసి, వరుస మీద వరుస, సందు లేకుండా పేర్చడం దానికి అలవాటు. బతుకమ్మకు అదే అందం. బల్ల మీద మాత్రం దానికి పూర్తిగా ఉల్టా చెయ్యాలి. చెంబుకు ఐదు కంకులు, మహా అయితే ఏడు. పొడుగూ పొట్టీ కలిపి, ఒకటి అటు వాలి, ఒకటి ఇటు వాలి, మధ్యలోంచి అవతలి మనిషి ముఖం కనపడాలి. ఐదు పెట్టాక బోసిగా ఉందనిపిస్తుంది, ఇంకో నాలుగు గుచ్చుదామని చెయ్యి లాగుతుంది. అక్కడే ఆగిపో. ఎత్తు సంగతి, కుర్చీలో కూర్చొని మోచెయ్యి బల్ల మీద ఆనించు, మణికట్టు ఎంత ఎత్తున ఉందో అంతకు మించకూడదు. రెండో రకం కలపాలనిపిస్తే వెంపలి రెమ్మ ఒక్కటి చాలు, ఆ ఊదా పూలు తెలుపు పక్కన బాగుంటాయి. మూడో రకం వద్దు.

కేటరింగు వాళ్లు బల్లకు ఒకవైపే కూర్చోబెట్టి ఎదుటివైపు నుంచి వడ్డిస్తారు. విస్తరికి ఎదురుగా చెంబు పెడితే వాళ్ల గరిటెకు, బకెట్టుకు అడ్డం. బల్లకు బల్లకు అతుకు పడే చోట ఎవరినీ కూర్చోబెట్టరు కదా, అక్కడ పెట్టు. వాళ్లు పరిచేది తెల్ల కాగితం, దాని మీద తెల్ల గునుగు కనపడదు. చెంబు కింద రెండు మోదుగాకులు పరిస్తే పూలు తేలి కనిపిస్తాయి, మోదుగ విస్తళ్లే వేయిస్తే ఇంకా బాగుంటుంది. భోజనాల బంతి లేవగానే విస్తళ్లతో సహా ఆ కాగితాన్ని చుట్టి తీసేస్తారు, చెంబు ఉందో లేదో చూసుకునే తీరిక వాళ్లకు ఉండదు. అందుకని ఇద్దరు పెద్ద పిల్లలకు ఆ పని అప్పగించు. బంతి లేచేటప్పుడు చెంబులు తీసి కిటికీలో పెట్టాలి, కొత్త కాగితం పరిచాక మళ్లీ తెచ్చిపెట్టాలి. బఫే బల్ల కూడా ఉంటే ప్లేట్లు పెట్టే కొసన ఒక్క చెంబు చాలు, వేడి గిన్నెల మధ్య ఏ పువ్వూ బతకదు.

భోజనాలయ్యాక గునుగును పారెయ్యకు. కట్టకట్టి వెనక బాల్కనీ నీడలో తలకిందులుగా వేలాడదియ్యి. ఎండాక నీళ్లు లేకుండానే మీ టీపాయ్ మీద నెలల తరబడి నిలుస్తుంది.

మొత్తం ఎన్ని బల్లలో ముందు కనుక్కొని ఫోన్ చెయ్యి, దాన్నిబట్టి చెంబులు మూటకట్టి ఉంచుతాను. శనివారం పొద్దున ఆరింటికల్లా అల్లుణ్ణి తీసుకొని వచ్చెయ్యి, చాయ్ తాగి మన చెలకకు పోదాం. రెండు బకెట్లు, కత్తెర, పిల్లల బూట్లు మర్చిపోవద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ