సమాధానం: రే హారూన్ ఒంటరిగా నడిపాడా, లేదా?

మీ అబ్బాయి ప్రాజెక్టు గురించి టెన్షన్ వద్దండీ. 1911లో అమెరికాలో జరిగిన ఇండియానాపొలిస్ 500 కారు రేసులో, గెలిచిన హారూన్ ఒక్కడే నడిపాడని ఒకచోట, ఇంకో డ్రైవర్ కూడా ఉన్నాడని మరోచోట ఉందన్నారు కదా, రెండూ నిజమే.

అప్పట్లో రేసు కార్లో డ్రైవర్ పక్కన ఒక మెకానిక్ కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పేవాడు. హారూన్ నడిపిన పసుపు రంగు 'మార్మన్ వాస్ప్'లో ఉన్నది ఒకటే సీటు. మిగతా డ్రైవర్లు ఇది ప్రమాదమని గొడవ చేస్తే, హారూన్ వెనక వచ్చే కార్లు కనిపించేలా తన ఎదురుగా ఒక అద్దం బిగించాడు. స్వతహాగా ఇంజినీరు మరి! ఇటుకల ట్రాక్ మీద అదురుకు ఆ అద్దంలో ఏమీ సరిగా కనిపించలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. నాకు భలే నచ్చే విషయం ఇదే.

ఇక రెండో డ్రైవర్ సైరస్ పాచ్కీ. రేసు మధ్యలో 30కి పైగా ల్యాప్‌లు (ట్రాక్ చుట్టూ రౌండ్లు) హారూన్ బదులు అతనే నడిపాడు. అంటే కార్లో ఎప్పుడూ ఒక్కరే, రేసు మొత్తానికి ఇద్దరు. గెలుపు మాత్రం హారూన్ పేరు మీదే రాశారు.

ప్రాజెక్టులో ఇవీ రాయించండి: మే 30న రేసు, 200 ల్యాప్‌లు, 6 గంటల 42 నిమిషాలు, సగటు వేగం గంటకు సుమారు 120 కి.మీ. 1910లోనే రిటైరైన మనిషి ఈ ఒక్క రేసు కోసం తిరిగొచ్చాడు, గెలిచాక మళ్లీ రేసుల్లో దిగలేదు.