కార్తేజ్ చూడాలన్న కోరికకు పింఛను సొమ్ము కదపాలా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసు 63. మాది రాజమహేంద్రవరం. ప్రాచీన సేనాని హన్నిబాల్ ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటిన కథను ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. అతని ఊరు కార్తేజ్ ఇప్పుడు ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పక్కనే ఉంది. సెప్టెంబరు చివర్లో గానీ అక్టోబరు మొదట్లో గానీ నా భార్యతో (58) అక్కడికి వెళ్ళాలని ఉంది. పింఛను నెలకు 40 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 14 నెలల క్రితం 20 లక్షలు వేశాను. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఆగస్టులో గడువు తీరుతుంది. మరో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏజెంటు ఏడు రాత్రుల ప్యాకేజీకి ఇద్దరికీ కలిపి 5.4 లక్షలు అన్నాడు. మా అబ్బాయి పర్సనల్ లోన్ తీసుకుని ఇస్తానంటున్నాడు. పొదుపు పథకంలో కొంత తీయడం మేలా, లోన్ మేలా?

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. అలాగని ప్రయాణం మానుకోమనీ, వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోమనీ నేను చెప్పను. కార్తేజ్ అంతా కాలినడకన తిరిగి చూడవలసిన చోటు. మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే వెళ్ళాలి. అందుకు కావలసిన డబ్బు మీ దగ్గర ఉంది. ఎక్కడి నుంచి తీయాలన్నదే ప్రశ్న.

ముందు పొదుపు పథకం సంగతి. అందులో 'కొంత తీయడం' కుదరదు. తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్ళు నిండకపోతే అసలులో 1.5 శాతం కోస్తారు. మీ 20 లక్షల మీద అది 30 వేలు. పైగా 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి మీ ఖాతాలో పడుతున్న 41 వేలు ఆగిపోతాయి. మళ్ళీ వేద్దామంటే ఆ రోజు ఏ వడ్డీ రేటు ఉంటే అదే దక్కుతుంది. ఆ 20 లక్షలు మీ ఇద్దరి వృద్ధాప్యానికి తిండిగింజలు. ఎంత గొప్ప యాత్రకైనా ఆ గాదెలో చెయ్యి పెట్టవద్దు.

అబ్బాయి ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ 4 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 13,670 రూపాయలు కట్టాలి. మొత్తం వడ్డీ 92 వేలు దాటుతుంది. పది రోజుల ప్రయాణానికి ముప్ఫై ఆరు నెలల వాయిదాలు కట్టించడం అతనికి న్యాయం కాదు. మీకూ అక్కడ సముద్రం ఒడ్డున కూర్చున్నప్పుడు ఆ వాయిదాలే గుర్తుకొస్తాయి.

ప్రయాణం ఆగస్టులో చేతికొచ్చే ఆ 4 లక్షల్లోనే సరిపోతుంది. ఎలాగో చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా రానుపోను టికెట్లకు మనిషికి 70 వేలు, ఇద్దరికీ 1.4 లక్షలు అనుకుందాం. అక్కడి కరెన్సీ దినార్‌ను 30 రూపాయలుగా లెక్క కడదాం. శుభ్రమైన మధ్యరకం హోటల్‌కు రాత్రికి 200 దినార్ల చొప్పున తొమ్మిది రాత్రులకు 54 వేలు. ఇద్దరి భోజనానికి రోజుకు 100 దినార్ల చొప్పున పది రోజులకు 30 వేలు. టాక్సీలు, రైళ్ళు, ప్రవేశ రుసుములకు 15 వేలు. బీమాకు 8 వేలు, వీసా తదితర పత్రాలకు 15 వేలు, ఇంటికి తెచ్చే వస్తువులకు మరో 15 వేలు. అంతా కలిపి 2.77 లక్షలు. అనుకోని ఖర్చులకు 43 వేలు చేర్చి 3.2 లక్షలు గీత గీయండి. మిగిలే 80 వేలు, ఆ 2 లక్షల ఎఫ్‌డీ కలిపితే దాదాపు తొమ్మిది నెలల ఇంటి ఖర్చు అత్యవసరానికి పక్కన ఉన్నట్టే.

చిక్కు ఒక్కటే. టికెట్లు జూన్‌లో కొంటే మంచిది, ఎఫ్‌డీ ఆగస్టులో గాని రాదు. దాన్ని ముందే తెంచకండి. దాని మీదే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఆ డిపాజిట్ హామీగా కావలసినంత వాడుకునే అప్పు, అడగండి. ఎఫ్‌డీ రేటుకు ఒక శాతం అటూ ఇటూగా ఎక్కువ వడ్డీకి ఇస్తారు. 1.4 లక్షలు రెండు నెలలు 8 శాతానికి వాడుకుంటే వడ్డీ 1,900 రూపాయల లోపే. టికెట్ కొనే ముందు మాత్రం ఢిల్లీలోని ట్యునీషియా రాయబార కార్యాలయం నుంచి వీసా నిబంధనలు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ప్యాకేజీ తీసుకుంటే ఇంకో మెలిక ఉంది. విదేశీ యాత్ర ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, వసూలు చేస్తారు. 2025-26లో 10 లక్షల దాకా అది 5 శాతం ఉండేది, అంటే 5.4 లక్షల మీద 27 వేలు. బడ్జెట్లలో ఈ రేటు మారుతుంటుంది కాబట్టి ఏజెంటు చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో అడగండి. మీ ఆదాయానికి కొత్త ఆదాయపు పన్ను విధానంలో పన్ను పడదు కాబట్టి రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది, కానీ అందాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. విడిగా విదేశీ కరెన్సీ కొనుక్కుంటే 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటేదాకా టీసీఎస్ లేదు. భాష రాని చోట తోడు మనిషి ఉండాలని మీ శ్రీమతి పట్టుబడితే ప్యాకేజీ బదులు కార్తేజ్ రోజుకు ఒక్క గైడును మాట్లాడుకోండి. మిగతా రోజులు ట్యూనిస్‌లో మీరే తిరగగలరు.

ఇక అక్కడి డబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలియక నష్టపోయేవారు ఇక్కడే నష్టపోతారు. ట్యునీషియా దినార్ దేశం దాటని కరెన్సీ. దాన్ని లోపలికి తీసుకువెళ్ళకూడదు, బయటికి తీసుకురాకూడదు. మన దగ్గర ఎవరైనా దినార్లు ఇప్పిస్తానంటే నమ్మకండి. ఇక్కడ యూరోలు కొనుక్కోండి. 50 వేల రూపాయలు దాటే కొనుగోలుకు నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే చెల్లించాలి. ఈ ఖర్చుకు 600 యూరోల నోట్లు చాలు, మిగతాది కార్డు మీద. అక్కడ విమానాశ్రయంలో రెండు రోజులకు సరిపడా మార్చుకుని, తర్వాత అవసరాన్ని బట్టి మార్చుకోండి. ప్రతి మార్పిడి రసీదునూ పాస్‌పోర్టు కవరులో దాచండి. తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన దినార్లలో కొంతైనా యూరోలుగా మార్చాలంటే ఆ రసీదు అడుగుతారు.

దినార్‌కు వంద పైసలు కాదు, వెయ్యి మిల్లీమ్‌లు. అందుకే కాఫీ బిల్లు మీద 4,500 అని కనిపిస్తే గుండె గుభేలుమనవచ్చు. అది నాలుగున్నర దినార్లు, మన 135 రూపాయలు. కామా తర్వాత మూడు అంకెలు ఉంటే అవి మిల్లీమ్‌లని గుర్తుంచుకోండి. నోటు ఇచ్చేముందు మనసులో ఒకసారి చదువుకుంటే చాలు.

కార్డు విషయంలోనూ జాగ్రత్త. దినార్లు నింపుకొనే ఫారెక్స్ కార్డు లేదు. డాలర్లో యూరోలో నింపిన కార్డును అక్కడ గీస్తే మళ్ళీ దినార్లలోకి మారుతుంది, ఆ మార్పిడికి రుసుము పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డులు 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీ కూడా వసూలు చేస్తాయి. విదేశీ మార్కప్ (ఇలాంటి అదనపు రుసుము) లేని కార్డు మీ బ్యాంకులో ఉందేమో కనుక్కోండి. యంత్రం 'రూపాయల్లోనా, దినార్లలోనా' అని అడిగితే దినార్లే నొక్కండి.

ఎప్పుడు వెళ్ళాలన్న దానికి నా ఓటు అక్టోబరు మొదటి వారానికి. సెప్టెంబరులో ఎండ ఇంకా 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేసవి ముగిశాక విరుచుకుపడే తొలి వానలను అక్కడివారు 'గస్సాలత్ అన్నవాదిర్' అంటారు, కళ్ళాలు కడిగే వాన అని అర్థం. పంట నూర్చిన కళ్ళాన్ని వచ్చి కడిగిపోయే వాన! గోదావరి జిల్లాల మనిషికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. గొడుగు, జారని చెప్పులు పెట్టుకోండి. సముద్రపు నీళ్ళు మాత్రం అప్పటికీ వెచ్చగానే ఉంటాయి.

మీకు దక్కే అసలు ఆనందానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, మాస్టారూ. హబీబ్ బుర్గిబా వీధి చివర ట్యూనిస్ మెరీన్ స్టేషన్ నుంచి టీజీఎం అనే చిన్న రైలు బయలుదేరుతుంది. 1872 నాటి మార్గం అది. టికెట్టు కొన్ని దినార్లకు మించదు. సరస్సు మీది కట్ట దాటి సముద్రం పక్కగా వెళ్ళి 'కార్తేజ్ హన్నిబాల్' అనే స్టేషన్లో ఆగుతుంది. మీరు పాఠంలో చెప్పిన పేరు ప్లాట్‌ఫారం బోర్డు మీద ఉంటుంది. బిర్సా కొండ, సముద్రం అంచున రోమన్ల నాటి ఆంటొనైన్ స్నానశాలలు, ప్యూనిక్ (ప్రాచీన కార్తేజ్ వారి) ఓడరేవుల చెరువులు అన్నీ అటుపక్కే. చాలా శిథిలాలకు ఒకే టికెట్టు చెల్లుతుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి, నగదు దగ్గర ఉంచుకోండి. ఇంకాస్త ముందుకు వెళితే నీలి తలుపుల, తెల్లని గోడల సీదీ బూ సయీద్. మొజాయిక్‌ల (రంగురాళ్ళు పొదిగిన బొమ్మల) కోసం బార్డో మ్యూజియానికి మరో రోజు కేటాయించండి, సోమవారం మాత్రం సెలవు. మీ శ్రీమతి శాకాహారి అయితే లబ్‌లబీ అడగండి. ఉడికిన శనగల వేడి పులుసు, రొట్టె ముక్కలు, జీలకర్ర, హరిస్సా కారం. గుడ్డు, చేప వేయవద్దని ముందే చెప్పాలి.

బీమా ఫారంలో బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. నాలుగు వందలు ప్రీమియం తగ్గుతుందని దాస్తే ఆసుపత్రి బిల్లు మీద పడినప్పుడు కంపెనీ చేతులెత్తేస్తుంది. మీ దగ్గరున్న ఆరోగ్య బీమా విదేశంలో పనిచేస్తుందని అనుకోకండి, పాలసీ పత్రం తీసి చూడండి.

జూన్‌లో ఓవర్‌డ్రాఫ్ట్, టికెట్లు. ఆగస్టులో ఎఫ్‌డీ రాగానే ముందు ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చి, ప్రయాణానికి పక్కన పెట్టింది పోగా మిగిలిన 80 వేలను అదే రోజు కొత్త ఎఫ్‌డీ చేయించండి. దానికి నామినీగా మీ శ్రీమతి పేరు రాయించడం మరవకండి.