బయాలజీ అర్థమవుతోంది కానీ పరీక్షలో రాయలేకపోతున్నా, ఎలా చదవాలి?

హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ బయాలజీ తీసుకున్నానని, పుస్తకం చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటోందని, పేపరు చేతికొచ్చాక మాత్రం ఏమీ తట్టడం లేదని రాశారు. రోజూ గంటల తరబడి హైలైటర్ పట్టుకుని కూర్చుంటున్నానని కూడా అన్నారు. ముందు ఆ హైలైటర్ పక్కన పెట్టేయండి. నేనూ ఈ స్థాయి బయాలజీ చదివి గట్టెక్కినదాన్నే, కొన్నేళ్లుగా ఇదే సబ్జెక్టుకి ట్యూషన్లు చెబుతున్నాను. ఇందులో వెనకబడేవాళ్లలో బద్ధకస్తులు తక్కువ, చదివిందే మళ్లీ మళ్లీ చదివేవాళ్లు ఎక్కువ.

దీనికి ఒక మంచి ప్రయోగం ఉంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. విద్యార్థులకు చిన్న పాఠ్యభాగాలిచ్చి కొన్నిటిని మళ్లీ చదవమన్నారు, కొన్నిటిని మాత్రం చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవే బాగా గుర్తున్నాయి. వారం తర్వాత పరీక్షిస్తే అంతా తారుమారైంది, రాసి చూసుకున్నవే నిలిచాయి. పరీక్ష ముందు రాత్రి మీకు 'వచ్చేసింది' అనిపిస్తోంది చూశారూ, అది ఆ 5 నిమిషాల జ్ఞాపకమే.

కాబట్టి తెల్లకాగితం తీసుకోండి. కణశ్వాసక్రియ, అంటే కణం గ్లూకోజ్ నుంచి శక్తి తీసుకునే ప్రక్రియ, చదివారనుకుందాం. పుస్తకం మూసేసి మైటోకాండ్రియా బొమ్మ గీయండి, రెండు పొరలూ విడివిడిగా కనబడాలి. ఇక దశలు ఎక్కడెక్కడ జరుగుతాయో రాయండి: గ్లైకాలసిస్ (గ్లూకోజ్‌ని విడగొట్టే మొదటి దశ) దాని బయట, క్రెబ్స్ వలయం లోపలి మాత్రికలో (లోపలి పొర లోపల ఉండే ద్రవంలో), ఎలక్ట్రాన్ రవాణా గొలుసు లోపలి పొర మీద. ఎంజైముల పేర్ల జోలికి అప్పుడే పోకండి. ప్రతి దశకీ ఏం లోపలికి వెళ్తోంది, ఏం బయటికొస్తోంది, ఎలక్ట్రాన్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతున్నాయి, ఇంతే రాయండి. ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడ ఎర్రసిరాతో గుర్తు పెట్టి, పుస్తకం తెరిచి ఆ ముక్క మాత్రమే చదవండి. రెండు మూడు రోజులాగి మళ్లీ ఖాళీ కాగితం మీద మొదలుపెట్టండి.

బొమ్మ వచ్చేశాక అసలు పని మొదలవుతుంది. ఏదో ఒక దశని చెడగొట్టి 'ఇప్పుడేమవుతుంది?' అని అడగాలి. నా దగ్గరికొచ్చే పిల్లల్ని నేను మొదట అడిగేది సైనైడ్ గురించే. అది రవాణా గొలుసు చివర ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్లు అందించే ఎంజైముని పట్టేస్తుంది. 'ఏటీపీ తయారవదు' అని ఠక్కున చెప్పేస్తారు, ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు. ఎందుకవదు అంటే మౌనం. చివర దారి మూసుకుపోయింది కనుక ఎలక్ట్రాన్లు వెనక్కి పేరుకుంటాయి. అవి కదలకపోతే ప్రోటాన్లని అవతలికి తోసే పని ఆగుతుంది, పొరకి రెండువైపులా ప్రోటాన్ల తేడా లేకపోతే ఏటీపీని తయారుచేసే ఎంజైము, ఏటీపీ సింథేజ్, తిరగదు. గొలుసుకి ఎలక్ట్రాన్లు మోసుకొచ్చే ఎన్‌ఏడీహెచ్ తన బరువు దించుకోలేదు, ఖాళీ ఎన్‌ఏడీ అందక క్రెబ్స్ వలయమూ నిలిచిపోతుంది. మిగిలేది గ్లైకాలసిస్, అదీ లాక్టిక్ ఆమ్లం తయారవుతూ ఎన్‌ఏడీని ఖాళీ చేస్తున్నంతసేపే. రక్తంలో ఆక్సిజన్ ఉండీ కణానికి అక్కరకు రాదన్నమాట. ఈ గొలుసు మొత్తం ఎక్కడా తడబడకుండా చెప్పగలిగితే ఆ అధ్యాయం మీకు వచ్చినట్టు.

(ఒక గ్లూకోజ్ నుంచి ఏటీపీలు 36 నుంచి 38 వరకు అని కొన్ని పుస్తకాల్లో, 30 నుంచి 32 అని కొత్తవాటిలో ఉంటుంది. దాని మీద బుర్ర పాడుచేసుకోకండి, మీ సిలబస్ ఏది వాడితే అదే రాయండి.)

కఠినమైన పేపర్లలో సగం తలనొప్పి ఎప్పుడూ చూడని ప్రయోగం ఇచ్చి ఫలితం వివరించమనే ప్రశ్నలతోనే. వీటికి పాత ప్రయోగాలే మంచి సాధన. 1966లో జాగెన్‌డార్ఫ్, ఉరైబ్ అనే శాస్త్రవేత్తలు హరితరేణువుల్లోని థైలకాయిడ్లని (కిరణజన్య సంయోగక్రియలో వెలుతురుని పట్టే పొర సంచులని) పీహెచ్ 4 ద్రావణంలో, అంటే ప్రోటాన్లు ఎక్కువున్న ఆమ్లంలో నానబెట్టి, తర్వాత చీకట్లోనే ఏటీపీకి ముడిసరుకులైన ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ 8 ద్రావణంలోకి మార్చారు. ఇక్కడ చదవడం ఆపి, ఏం జరిగి ఉంటుందో ఒక వాక్యం రాయండి. వెలుతురు లేకపోయినా ఏటీపీ తయారైంది. వెలుతురు చేసే పని ప్రోటాన్ల తేడా తేవడమే, ఆ తేడా ఎలా వచ్చినా ఏటీపీ తయారవుతుందన్నమాట. ఫలితం చూసేముందు ఊహ రాయడం అలవాటైతే కొత్త గ్రాఫు చూసినా బెదురు పుట్టదు.

జన్యుశాస్త్రం చదివితే రాదు, లెక్కలు చేస్తేనే వస్తుంది. క్షయకరణ విభజనని (బీజకణాలు తయారయ్యే మియోసిస్‌ని) నాలుగు క్రోమోజోములతో, రెండు రంగుల్లో గీయండి. మనిషి కణంలో డీఎన్‌ఏ రెట్టింపయ్యాక క్రోమోజోములు 46, క్రోమాటిడ్లు (ఒక్కో క్రోమోజోములోని జంట పోగులు) 92. మొదటి విభజన ముగిశాక ఒక్కో కణంలో క్రోమోజోములు 23, క్రోమాటిడ్లు 46. ఇక్కడ తికమకపడేవాళ్లకి ఆ తర్వాత వచ్చేదంతా తికమకే. జనాభాలో జన్యువుల వాటా లెక్కగట్టే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం చూసి భయపడతారు గానీ అందులో ఉన్నది వర్గమూలమే. అంతర్గత లక్షణంగా (జన్యువు రెండు కాపీలూ లోపభూయిష్టమైతేనే) వచ్చే జబ్బు 10,000 మందిలో ఒకరికి ఉంటే, ఆ యుగ్మవికల్పం (జన్యువు యొక్క ఆ రూపం) పౌనఃపున్యం దాని వర్గమూలం, అంటే 0.01. వాహకులు (జబ్బు లేకుండా ఒక కాపీ మోసేవాళ్లు) దాదాపు 50 మందిలో ఒకరు.

ఫ్లాష్‌కార్డులు పేర్లకీ నిర్వచనాలకీ సరిపోతాయి, ప్రక్రియలకి పనికిరావు. జీవావరణం అధ్యాయాలకి గ్రాఫులు చదవడం వస్తే చాలు. గ్రూప్ స్టడీ అంటే నాకు పెద్ద నమ్మకం లేదు, ఒకరు బోర్డు మీద గీస్తూ చెబుతుంటే మిగతావాళ్లు ప్రశ్నలడిగే పద్ధతి ఒక్కటి తప్ప.

జవాబు రాసేటప్పుడు ప్రశ్నలోని క్రియ చూసుకోండి. 'వర్ణించండి' అంటే గ్రాఫులో కనిపించేది అంకెలతో సహా రాయాలి. 'వివరించండి' అంటే కారణం రాయాలి. పాత పేపరు ఒకటి తీసుకుని జవాబులు రాసి, మార్కుల కీతో ఒక్కో పాయింటూ పోల్చండి. మార్కు పోయిన ప్రతిచోటా ఆ పాయింటు తెలియక పోయిందా, తెలిసీ రాయక పోయిందా అని పక్కన రాసుకోండి. రెండోరకమే ఎక్కువుంటే ఆ వారం కొత్త పాఠం ముట్టుకోకుండా పాత పేపర్లే రాయండి.