ఆ మాట దేన్ని పట్టుకుని ఉందో చూడు

చిన్నా,

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. స్పానిష్ క్లాసులో 'నేను భారతీయుణ్ణి' అన్న చిన్న వాక్యంలోనే రెండు తప్పులు వచ్చాయని, నీకు టెన్షన్‌గా ఉందని కూడా చెప్పింది. మాడ్రిడ్‌లో పదకొండేళ్లు ఉన్నాను కదా, నేను తడబడ్డ చోట్లు నీకు చెప్తాను.

ఒక తప్పు పెద్ద అక్షరం. అది ఇంగ్లీషు నుంచి అంటుకున్న అలవాటు. స్పానిష్‌లో దేశం పేరుకే పెద్ద అక్షరం. ఆ దేశపు మనిషికి, భాషకి, వంటకి అన్నిటికీ చిన్నదే. మీ చెల్లి 'సోయ్ ఇందియా' (నేను భారతీయురాలిని) అని రాస్తూ మొదటి అక్షరం పెద్దది చేసిందనుకో, 'నేను ఇండియా దేశాన్ని' అని అర్థం వస్తుంది. రెండోది, నువ్వు మధ్యలో పెట్టిన 'ఉన్', అంటే 'ఒక'. ఊరికే ఏ దేశస్థుడివో చెప్పేటప్పుడు అది అక్కర్లేదు, 'సోయ్ ఇందియో' చాలు. 'చాలా పేరున్న స్పెయిన్ మనిషి' అని ఇంకో విశేషణం తగిలించినప్పుడు మాత్రం 'ఎస్ ఉన్ ఎస్పాన్యోల్ ముయ్ ఫమోసొ' అంటారు.

అసలు కష్టం ఇక్కడ కాదు. మనం 'జపాన్ బండి' అన్నా, 'జపాన్ బళ్లు' అన్నా ముందున్న మాట మారదు. వాళ్లకి ఆ మాట నామవాచకం వెనక వస్తుంది, దానితో పాటే మారుతుంది. కారు పుంలింగం కాబట్టి 'కోచె హపొనేస్'. మోతొ, అంటే మోటార్‌సైకిల్, చివర 'ఒ' ఉన్నా స్త్రీలింగం, కాబట్టి 'మోతొ హపొనేసా'. 'ప్రొబ్లేమా' చివర 'ఆ' ఉన్నా పుంలింగం, 'ప్రొబ్లేమా ఎస్పాన్యోల్' అనాలి. నేను చాలాకాలం చివరి అచ్చు చూసి మోసపోయాను. నువ్వు ప్రతి నామవాచకాన్నీ దాని ముందు వచ్చే 'ఎల్' (పుంలింగం), 'లా' (స్త్రీలింగం)తో కలిపి నేర్చుకో.

ఈ లెక్క తెలియకే మీ బాబాయ్ ఒక ఫారంలో జాతీయత గడిలో 'ఇందియో' అని నింపారు. కౌంటర్‌లో ఆవిడ 'ఇందియా' అని దిద్దింది. తనని ఆడమనిషిని చేసిందేమిటని ఈయన చిన్నబుచ్చుకున్నారు. కానీ అక్కడ మాట ఈయన్ని పట్టుకుని లేదు. 'నాసియొనలిదాద్' (జాతీయత) అనే స్త్రీలింగ పదాన్ని పట్టుకుని ఉంది. అక్కడి మగవాళ్లు కూడా ఆ గడిలో 'ఎస్పాన్యోలా' అని రాయడం మామూలే. నువ్వు వెళ్లగానే ఇలాంటి ఫారాలు నింపాల్సి వస్తుంది, గుర్తుంచుకో.

హల్లుతో ముగిసే మాటలకి ఆడవాళ్ల విషయంలో 'ఆ' చేరుతుంది: ఇంగ్లేస్, ఇంగ్లేసా (ఇంగ్లండ్ వాళ్లు), అలెమాన్, అలెమానా (జర్మనీ వాళ్లు). అలా చేరినప్పుడు, ఇంగ్లేస్, అలెమాన్‌లలో చివరి అచ్చు పైన రాసే ఏటవాలు గీత పోతుంది. అచ్చుతో గానీ, న్, స్‌లతో గానీ ముగిసే మాటలో ఊనిక సహజంగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. చివరి దాని మీద పడితే గీత కావాలి. 'ఆ' చేరాక ఊనిక రెండో దాని మీదే ఉంటుంది కాబట్టి గీత అక్కర్లేదు. ఈ కారణం తెలిస్తే బట్టీ పట్టక్కర్లేదు. కనదియెన్సె (కెనడా), మరొక్కీ (మొరాకో), బెల్గా (బెల్జియం) లాంటివి ఆడామగా ఇద్దరికీ ఒకటే.

ఒక్క మాట జాగ్రత్త. లాటిన్ అమెరికాలో 'ఇందియో' అంటే అక్కడి ఆదివాసులని కూడా అర్థం, చాలాచోట్ల తిట్టుగా వాడతారు. 'ఇందూ' అంటే మన దేశస్థుడనే అర్థం నిఘంటువులో ఉంది గానీ, మతంతో కలిసిపోతుంది. ఆ ప్రాంతాల వాళ్లతో మాట్లాడేటప్పుడు నేనైతే 'సోయ్ దె లా ఇందియా' అంటాను. అలాగే అమెరికా వాళ్లని 'అమెరికానొ' అనకుండా 'ఎస్తదౌనిదెన్సె' (యునైటెడ్ స్టేట్స్ వాళ్లు) అను. పెరూ వాళ్లూ, చిలీ వాళ్లూ కూడా తమది అమెరికా ఖండమేనంటారు, అది న్యాయమే.

ఇంట్లో కనిపించే పది వస్తువులకి పది దేశాలు తగిలించి రాసి, ఆదివారం లోపు నాకు వాట్సాప్ చెయ్యి. దిద్ది పంపిస్తాను.

మీ పిన్ని