బోర్డు మీద ఉన్న స్పీడ్ లిమిట్ చట్టపరంగా చెల్లుతుందా?

చెల్లుతుంది, కానీ దాని వెనక చట్టం ఇచ్చిన అధికారం ఉండాలి. మన దేశంలో ఆ అధికారం మోటారు వాహనాల చట్టం, 1988 నుంచి వస్తుంది. 112వ సెక్షన్ ప్రకారం ఒక రోడ్డుకు పరిమితి పెట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన వారు. దాన్ని గెజిట్‌లో ప్రకటించాలి, రోడ్డు మీద తగిన చోట బోర్డూ పెట్టించాలి. చాలామంది ఈ రెండో షరతును పట్టించుకోరు. చెట్టు కొమ్మల వెనక దాగిపోయిన '40' బోర్డు మీకు పనికొచ్చే వాదనే, వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి.

అయితే వంతెన రిపేరు లాంటి పనుల కోసం నెలకు మించకుండా పెట్టే పరిమితికి గెజిట్ ప్రకటన అక్కర్లేదు.

ఇంకోటి, "స్పీడ్‌గా వెళ్తున్నట్టు అనిపించింది" అని ఒక్క సాక్షి చెబితే శిక్ష వేయడానికి సరిపోదు. 183వ సెక్షన్ ప్రకారం ఆ అంచనాకు స్పీడ్ గన్ లాంటి పరికరం ఆధారంగా ఉండాలి.

చలాన్ తప్పనిపిస్తే టెన్షన్ పడి వెంటనే కట్టేయకండి. 200వ సెక్షన్ కింద రాజీ రుసుముగా ఆ చలాన్ డబ్బు కట్టారంటే కేసు అక్కడితో ముగుస్తుంది, మీ వాదన కోర్టు దాకా వెళ్లదు.