పిచ్చుక గూడును తన్నిన బాబు

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నర ఏళ్ళు. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్తాము కాబట్టి సాయంత్రం వరకు వాడు మా అమ్మ దగ్గరే ఉంటాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల అమ్మ వాడి వెంట తిరగలేక టీవీలో కార్టూన్లు పెడుతుంది. అవి చెడ్డవేమీ కావు. ప్రతి కథలోనూ చివరికి తప్పు చేసినవాడు క్షమాపణ అడుగుతాడు, అందరూ స్నేహితులవుతారు. అయినా మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో ఒక పాప కట్టుకున్న పిచ్చుక గూడును మావాడు కాలితో తన్ని, ఆ పాప ఏడుస్తూ ఉంటే రెండు చేతులూ నడుముకు ఆనించుకుని పెద్దగా నవ్వాడు. అందరి ముందు తలెత్తుకోలేకపోయాను. కార్టూన్లు పూర్తిగా మాన్పించాలా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, బాబు నడుముకు చేతులు ఆనించుకుని నవ్వాడన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ భంగిమ ఈ వయసు పిల్లవాడికి సొంతంగా తోచేది కాదు. కథలో దుష్టుడు ఎవరినో ఏడిపించి అలా నిలబడడం చాలాసార్లు చూసి ఉంటాడు. చూసినదాన్ని చేసి చూడడం ఆ వయసు స్వభావం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, ఒక పెద్ద మనిషి గాలి బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తమ వంతు వచ్చినప్పుడు దాన్ని అదే తీరుగా కొట్టారు. 1963లో ఆ మనిషిని నేరుగా కాక తెర మీద, పిల్లి వేషంలో కార్టూన్ పాత్రలాగా చూపించినప్పుడు కూడా పిల్లలు అనుకరించడం మానలేదు. కనుక మీ బాబు మనసులో క్రూరత్వం ఉందని దయచేసి అనుకోకండి.

మరి కథ చివర వచ్చే మంచి మాట ఏమైపోతున్నదంటే, అది వాడి దాకా చేరడం లేదు. తగవు, ఎగతాళి, మోసం కథ పొడవునా నడుస్తాయి, పశ్చాత్తాపం మాత్రం ఆఖరి నిమిషంలో వచ్చి వెళ్ళిపోతుంది. ఆ చివరి మాటను మొదట జరిగిన తప్పుతో ముడిపెట్టి చూసే శక్తి నాలుగేళ్ళ బుర్రకు ఇంకా పూర్తిగా రాదు. అమెరికాలో 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, మూడు కాళ్ళ కుక్కను మొదట దూరం పెట్టి చివరికి తమలో కలుపుకున్న కుక్కల కథను చిన్న పిల్లలకు చూపించి, దీని నుంచి ఏం నేర్చుకున్నావని అడిగారు. మనకంటే వేరుగా ఉన్నవాళ్ళను ఆదరించాలన్నది ఆ కథ ఉద్దేశం. చాలామంది పిల్లలకు మాత్రం అది కుక్కల సంగతిగానే మిగిలింది. నీతి కథలు పెడుతున్నాము కదా అని మనం నిశ్చింతగా ఉండడానికి వీలు లేదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

కార్టూన్లలో మేలు లేదని కాదు. కన్నీళ్ళు ధారలుగా కారడం, కోపంతో ముఖం ఎర్రబడి చెవుల్లోంచి పొగలు రావడం వంటి బొమ్మలు చూసి పసివాళ్ళు భావాలను సులువుగా గుర్తుపడతారు. అయితే కొండ మీంచి పడిన పాత్ర మరుక్షణం దులుపుకుని లేస్తుంది. ఇసుకలో ఏడ్చిన పాప బాధ అలా తీరిపోదు. ఆ తేడాను పక్కన కూర్చున్న మనిషే చెప్పాలి. భావాలను గురించి నేర్పే ఒక కార్టూన్‌ను రెండు వారాలు చూపించి చేసిన 2016 నాటి అమెరికా అధ్యయనంలో, టీవీలో చూసినదాన్ని గురించి తల్లిదండ్రులు తరచుగా మాట్లాడే ఇళ్ళ పిల్లల్లోనే ఎదుటివారి బాధను గ్రహించే గుణం పెరిగింది.

ఈ పనికి మీ అమ్మగారి మోకాళ్ళు అడ్డు రావు. కథ అయిపోయాక పాఠం అడగకుండా, దెబ్బ తగిలిన చోటే ఆపి, "పాపం, కుందేలుకి ఇప్పుడు ఎలా ఉంటుంది నాన్నా? నువ్వు అక్కడ ఉంటే ఏం చేసేవాడివి?" అని అడగమనండి. మాటలు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి. శాడ్, యాంగ్రీ అనే రెండే తెలిసిన పిల్లవాడికి అలక, బెంగ, ఉక్రోషం వేరువేరని అమ్మమ్మ నోట తెలిస్తే, తనకు ఏమవుతున్నదో చెప్పుకోగలుగుతాడు. చెప్పుకోగలిగినవాడికి తన్నవలసిన అవసరం తగ్గడం నేను ఎన్నో ఇళ్ళలో చూశాను.

దృశ్యాలు గబగబా మారిపోయే కార్టూన్లను తగ్గించండి. 60 మంది నాలుగేళ్ళ పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, అటువంటి కార్టూన్‌ను 9 నిమిషాలు చూసినవారు, బొమ్మలు వేసుకున్నవారికంటే ఆ వెంటనే పెట్టిన నిగ్రహ పరీక్షల్లో వెనుకబడ్డారు. అందుచేత టీవీ ముందు నుంచి లేపి నేరుగా బీచ్‌కు తీసుకువెళ్ళకండి. మధ్యలో స్నానమో, ఫలహారమో ఉండనివ్వండి. మొత్తం మీద తెర చూడడం రోజుకు గంటకు మించకూడదనీ, ఇంకా తగ్గితే మంచిదనీ 3, 4 ఏళ్ళ పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

వచ్చే ఆదివారం మళ్ళీ బీచ్‌కు వెళ్ళి, తడి ఇసుకలో బాబు పాదం మీద మీరే ఒక పిచ్చుక గూడు కట్టండి. మెల్లగా పాదం తీసి, గూడు నిలిచినప్పుడు వాడి ముఖం చూడండి. "ఇప్పుడు దీన్ని ఎవరైనా తన్నేస్తే?" అని అప్పుడు అడగండి. తిట్టకుండా, ఆ పాప ప్రస్తావన వాడంతట వాడు తెచ్చేదాకా ఆగండి.

ప్రశ్న: నా మనవరాలికి ఏడాదిన్నర. ఫోన్‌లో కార్టూన్ పెడితేనే ముద్ద మింగుతుంది. దీనివల్ల నష్టమా?
– ఒక తాతగారు, గాజువాక

జవాబు: నష్టమేనండీ. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం సలహా. అన్నం పెట్టే మనిషి ముఖంలో మురిపెం, విసుగు, నవ్వు చూసి ఈ వయసు పిల్లలు మనుషులను చదవడం నేర్చుకుంటారు. ఫోన్ అడ్డొస్తే రోజుకు మూడుసార్లు ఆ అవకాశం పోతుంది, ఆకలి, కడుపు నిండడం కూడా వాళ్ళకు తెలియకుండా పోతాయి. గిన్నె పట్టుకుని మేడ మీదకు వెళ్ళి, కాకినో చందమామనో చూపించి తినిపించండి. మొదటి రెండు మూడు రోజులు ఏడ్చి తక్కువ తింటుంది; హుషారుగా ఆడుకుంటున్నంతవరకు కంగారు పడకండి. బరువు పెరగడం లేదనిపిస్తే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.