నాయనమ్మ అడ్డపొగ థీసిస్‌లోకి వస్తుందా?

అడిగింది: "మాది టెక్కలి వైపు. ఆడవాళ్ల పొగాకు అలవాటు మీద థీసిస్ రాస్తున్నాను. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని. స్త్రీవాద పద్ధతి అని చెప్పి అది వాడుకోవచ్చా? గైడు ఒప్పుకోవడం లేదు."

వాడుకోవచ్చు. రుజువుగా మాత్రం కాదు, ప్రశ్నలు పుట్టించే సరుకుగా. గైడుకి ముందు ఆ తేడా చెప్పండి.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అడ్డపొగతో అంగిలి మీద వచ్చే మచ్చల గురించి పిండ్‌బోర్గ్, మెహతా బృందం 1971లో ప్రచురించింది. అంగిలి సంగతి అక్కడుంది. నిప్పుకొస నోట్లో ఉంటే చుట్ట గాలికి ఆరదనీ, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయనీ ఆ ఇంట్లో పెరిగిన మనిషికి ముందు తడుతుంది. నిలబడ్డ చోటు చెప్పకుండా అంతా చూశామనడం కుదరదని స్త్రీవాద పండితురాలు డోనా హారవే 1988లో వాదించింది అందుకే.

ఇంటర్వ్యూలకు వెళ్లకముందే జ్ఞాపకం రాసి తేదీ వేయండి, మళ్లీ దిద్దకండి. తర్వాత రాస్తే ఊళ్లోవాళ్ల మాటలన్నీ నాయనమ్మ నోట్లోకి ఎక్కేస్తాయి. నోటుబుక్కు పేజీకి మధ్యలో గీత కొట్టండి: ఎడమవైపు చూసిందీ విన్నదీ, కుడివైపు మీకనిపించింది. "సిగ్గుపడింది" అన్నది కుడివైపు మాట. "నన్ను చూసి చుట్ట తీసి అరుగుకి రాసి ఆర్పింది" అన్నది ఎడమవైపుది. అది సిగ్గో, మర్యాదో, చుట్ట మిగుల్చుకోవడమో ఆవిడనే అడగాలి.

"ఎందుకు తాగుతావు" అని మొదలుపెడితే పోలీసు ప్రశ్నలా ఉంటుంది. "నిప్పు లోపలికి తిప్పడం ఎవరు నేర్పారు, మొదట్లో నాలిక కాలలేదా" అనండి. జవాబులో "ఏటి" అంటే "ఏటి" అనే రాయండి, పుస్తక భాషలోకి దిద్దొద్దు. మీ జ్ఞాపకానికి ఎదురుతిరిగే మాట ఒక్కటీ దొరక్కపోతే అనుమానం మీ ప్రశ్నల మీదే.

ఎక్కువమంది దెబ్బతినేది పేర్ల దగ్గర. అట్ట మీద మీ పేరుండగా నాయనమ్మ పేరు మార్చి లాభం లేదు. ఆవిడ లేకపోతే నాన్ననీ, మేనత్తలనీ కూర్చోబెట్టి ఆ పేజీలు చదివి వినిపించండి. తీసేయమన్నది తీసేయండి.

మాట గంజాయి వైపు మళ్లితే సంగతి వేరు. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద తాగడానికే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అలాంటి మాటల పక్కన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయకండి. అది మీ సొంత అనుభవమైనా అంతే.